డాబా మీద పది మీటర్ల ఎయిర్ రైఫిల్ లేన్: ప్రాజెక్టు డైరీ

జనవరి: స్థలం, కొలతలు

డాబా మీద ఉన్న రేకుల షెడ్డు పొడవు 13 మీటర్లు, వెడల్పు 2.4. మూడు వైపులా ఇటుక గోడ, నాలుగో వైపు మెట్ల తలుపు. టార్గెట్ వెనక 60 సెం.మీ., మధ్యలో 10 మీటర్లు, షూటర్ నిలబడి రైఫిల్, పెట్టె, స్టాండు పెట్టుకోవడానికి 2.4 మీటర్లు. ఒక లేన్‌కు ఇంతకంటే అక్కర్లేదు. తలుపు షూటర్ వీపు వైపు రావాలన్నది మొదటి నిర్ణయం. టార్గెట్ వైపు గానీ మధ్యలో గానీ తలుపో కిటికీయో ఉంటే దాన్ని ఇటుకతో మూసేయడమే మంచిది. గడియ పెట్టాంలే అనుకుంటే చాలదు, ఎవరో ఒకరు బట్టలు తీసుకోవడానికి వచ్చి తీస్తారు.

చట్టం సంగతి ముందే చూసుకోవాలి. 2016 ఆయుధ నియమాల ప్రకారం 4.5 మి.మీ. మించని బోరు (గొట్టం లోపలి వ్యాసం), 20 జౌల్స్ మించని శక్తి ఉన్న ఎయిర్‌గన్‌కు లైసెన్సు అక్కర్లేదు. మ్యాచ్ (పోటీ) రైఫిల్ 0.53 గ్రాముల పెల్లెట్‌ను (చిన్న సీసపు గుండును) సెకనుకు 170–175 మీటర్ల వేగంతో వదులుతుంది. లెక్క వేస్తే సుమారు 8 జౌల్స్. పరిమితికి చాలా కింద ఉన్నా, కన్ను పోగొట్టడానికి అది ఎక్కువే. పిట్టలను, ఉడతలను కొట్టడానికి కాదు ఈ లేన్. అది 1972 వన్యప్రాణి చట్టం కిందికి వచ్చే నేరం.

అంతర్జాతీయ నియమం ప్రకారం దూరం 10.00 మీటర్లు, అటూ ఇటూ 5 సెం.మీ. తేడా ఒప్పుకుంటారు. టేపు టార్గెట్ కార్డు ముఖం నుంచి మొదలై, ఫైరింగ్ లైన్‌కు (షూటర్ దాటకూడని గీతకు) షూటర్ వైపు ఉన్న అంచు దగ్గర ఆగాలి. వెనక గోడ నుంచి కొలిస్తే ట్రాప్ (పెల్లెట్లను పట్టే ఇనుప పెట్టె) లోతంతా తేడా వచ్చేస్తుంది. టార్గెట్ మధ్య బిందువు ఎత్తు 1.40 మీటర్లు, దీనికీ 5 సెం.మీ. వెసులుబాటు ఉంది. ఆ ఎత్తు షూటర్ నిలబడే నేల నుంచి లెక్క, టార్గెట్ కింది నేల నుంచి కాదు.

డాబా మీద లేన్ కట్టేవాళ్లకు ఈ తేడా చాలా ముఖ్యం. వాన నీళ్లు పోవడానికి డాబాకు వాలు ఇస్తారు. ట్యూబ్ లెవెల్ పెట్టి చూస్తే ఇక్కడ 10 మీటర్లకు 9 సెం.మీ. వాలు తేలింది, అదీ టార్గెట్ వైపుకి. కంటికి అస్సలు కనపడదు.

జనవరి చివర: నిలబడే చోటు

ఎయిర్ రైఫిల్ షూటర్ టార్గెట్‌కు పక్కగా నిలబడతాడు. కుడిచేతి వాళ్లకు ఎడమ పాదం టార్గెట్ వైపు. నేల అటు వాలితే బరువు ఎడమ కాలి మీదికి జారుతుంది, తుంటి ముందుకు పోతుంది, రైఫిల్ మూతి సహజంగా నిలిచే చోటు కిందికి దిగుతుంది. దాన్ని కండరంతో పైకి లాగి పట్టుకుంటే ముప్పై షాట్ల తర్వాత నడుము వణుకుతుంది. తప్పంతా షూటర్ పొజిషన్‌దే అనిపిస్తుంది కానీ అసలు కారణం నేల.

అందుకే 4 అడుగులు × 4 అడుగుల ప్లాట్‌ఫారం. కింద 32 మి.మీ. మందం రీపర్లు అడుగుకొకటి, పైన 18 మి.మీ. ప్లైవుడ్. మొత్తం 50 మి.మీ. నాలుగు అడుగుల పొడవుకు వాలు 11 మి.మీ. వస్తుంది కాబట్టి ముందు అంచు కింద అంత మందం ప్యాకింగ్, వెనక అంచుకు సున్నా, మధ్య రీపర్లకు వాటి స్థానాన్ని బట్టి. రీపర్ల మధ్య దూరం అడుగు దాటితే ప్లైవుడ్ పాదం కింద కొంచెం కొంచెం కుంగుతుంది. ప్లాట్‌ఫారం మీద గ్లాసులో నీళ్లు పెట్టి ఒంటి కాలి మీద బరువు మారిస్తే నీళ్లు కదలకూడదు. కదిలితే ఎక్కడో ప్యాకింగ్ వదులైందని అర్థం. పైన కార్పెట్ వేయలేదు. షూటింగ్ బూట్ల చదునైన అడుగు గట్టి నేల మీదే సరిగ్గా ఆనుతుంది.

ఇప్పుడు టార్గెట్ ఎత్తు: 1.40 మీటర్లు, ఫైరింగ్ లైన్ దగ్గర ప్యాకింగ్‌తో కలిపి ప్లాట్‌ఫారం ఎత్తు 6 సెం.మీ., నేల వాలు 9 సెం.మీ. కలిపితే ట్రాప్ దగ్గర నేల నుంచి కార్డు మధ్యకు 1.55 మీటర్లు. ప్లాట్‌ఫారం పూర్తయ్యాకే ట్రాప్ స్టాండు వెల్డింగ్‌కు ఇవ్వాలి.

ఫిబ్రవరి: ట్రాప్

ఎలక్ట్రానిక్ టార్గెట్లు పెద్ద పోటీల్లో మామూలే, కానీ ఇంట్లో కార్డు, ఇనుప ట్రాప్ చాలు. బజారులో 14 సెం.మీ., 17 సెం.మీ. ట్రాపులు దొరుకుతాయి. రైఫిల్ కార్డు 80 మి.మీ. చదరం, పిస్టల్ కార్డు 170 మి.మీ. చదరం. రెండూ వాడాలనుకుంటే కాస్త పెద్ద నోరే నయం. ఇక్కడ వెల్డింగ్ షాపులో చేయించింది 200 × 200 మి.మీ. నోరున్న పెట్టె.

లోపలి వాలు పలకకు 4 మి.మీ. ఎంఎస్ (మామూలు ఉక్కు) షీటు. 2 మి.మీ. షీటు కూడా పెల్లెట్‌ను ఆపుతుంది కానీ మోగుతుంది, కొన్ని వేల దెబ్బలకు సొట్ట పడుతుంది. సొట్ట పడిన చోట తగిలిన పెల్లెట్ ఎటు పోతుందో చెప్పలేం. పలక 45 డిగ్రీల వాలులో ఉండాలి, పై అంచు షూటర్ వైపుకు, కింది అంచు వెనక్కి. అప్పుడు సీసం ముక్కలు కింది ట్రేలోకే దిగుతాయి. తలకిందులుగా అతికితే పైకి కొడుతుంది, నిలువుగా పెడితే తునకలు షూటర్ దాకా వెనక్కి రాగలవు. 200 మి.మీ. నోటికి 45 డిగ్రీల పలక పొడవు 283 మి.మీ. అవుతుంది. 290 కోయించి అంచులు అతుకులో కలిపేశారు. లోపలి వైపు బోల్టు తల ఒక్కటి కూడా ఉండకూడదు. మూలలన్నీ నిండుగా వెల్డింగ్ చేయించాలి, చుక్కలు పెట్టి వదిలేస్తే ఆ సందుల్లోంచి సీసం పొడి నేల మీద పడుతుంది.

పలక వెనక పాత లారీ ట్యూబు రబ్బరు అతికిస్తే మోత బాగా తగ్గింది. కింద జీఐ షీటు ట్రే, లాగితే బయటికి వచ్చేలా. ముందు రెండు అల్యూమినియం యూ చానళ్లు, కార్డు పైనుంచి జారేలా. రైఫిల్ కార్డుకు 170 మి.మీ. తెల్ల అట్టముక్కలో 70 మి.మీ. చదరం కిటికీ కోసి, దాని వెనక కార్డు పెడితే సరిపోతుంది.

ట్రాప్ వెనక గోడకు 4 × 4 అడుగుల ప్లైవుడ్, దాని ముందు రెండు అంగుళాల ఖాళీతో వదులుగా వేలాడే పాత కార్పెట్. పెట్టె తప్పిన పెల్లెట్ వేగం కార్పెట్‌లోనే చస్తుంది. బిగించి కొట్టిన కార్పెట్ ఆ పని చేయదు.

సీసం గురించి రాజీ లేదు. 500 పెల్లెట్ల డబ్బా ఒకటి కాల్చితే 265 గ్రాముల సీసం ట్రేలో చేరుతుంది. దాన్ని చీపురుతో ఊడ్చకూడదు, పొడి గాల్లోకి లేస్తుంది. తడి గుడ్డతో తుడవడం, ఆ గుడ్డను వేరుగా ఉంచడం, లేన్‌లో టీ కప్పు పెట్టకపోవడం, బయటికి వచ్చాక సబ్బుతో చేతులు కడగడం, ఇవి మొదటి రోజు నుంచి అలవాటు కావాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ట్రే ఖాళీ చేసే పని వాళ్లు లేనప్పుడే.

మార్చి: వెలుగు

నియమం ప్రకారం టార్గెట్ మీద కనీసం 1500 లక్స్ (వెలుగు కొలత), షూటర్ ఉన్న గదిలో కనీసం 300. ఫోన్ యాప్‌లు లక్స్ అంకెను అందాజుగానే చెబుతాయి, చిన్న లక్స్ మీటరు అరువు తెచ్చుకున్నా మంచిదే. స్పాట్ లైటు టార్గెట్‌కు ముందు, పైనుంచి వాలుగా. బల్బు షూటర్ కంటికి కనపడకుండా చిన్న రేకు అడ్డం. ట్రాప్ వెనక బోర్డుకు మెరుపు లేని లేత రంగు.

చవక ఎల్ఈడీ బల్బుల్లో మినుకు ఉంటుంది. కంటికి తెలియదు, కానీ గంటసేపు డయాప్టర్ (సన్న రంధ్రమున్న వెనక సైటు) లోంచి చూస్తే కన్ను అలిసిపోతుంది. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీస్తే మినుకు బయటపడుతుంది.

షెడ్డు పైకప్పులో ఒక ఫైబర్ షీటు ఉంది. దాన్ని తీసేసి మామూలు రేకు వేయించాల్సి వచ్చింది. పొద్దున తూర్పు ఎండ ఆ షీటులోంచి దిగినప్పుడు నల్ల వృత్తం చుట్టూ తెలుపు ఒక పక్క ఎక్కువ మెరుస్తుంది. కన్ను ముందు సైట్ రింగును నలుపు చుట్టూ మధ్యకు పెట్టాననుకుంటుంది, గ్రూపు (వరసగా కాల్చిన షాట్ల రంధ్రాల గుంపు) మాత్రం పక్కకు జరుగుతుంది. ఓపెన్ సైట్లున్న పిస్టల్‌కైతే ఇంకా ఎక్కువ.

ముందు సైట్ రింగు ఎంత ఉండాలన్నదీ వెలుగు కుదిరాకే తేల్చాలి. రైఫిల్ టార్గెట్ నల్ల భాగం 30.5 మి.మీ. కంటి నుంచి ముందు సైటు 90 సెం.మీ. దూరంలో, టార్గెట్ 10.7 మీటర్ల దూరంలో ఉందనుకుంటే, ఆ నలుపు రింగు దగ్గర 2.6 మి.మీ. అంత కనపడుతుంది. 3.8 మి.మీ. రింగు పెడితే చుట్టూ 0.6 మి.మీ. తెలుపు మిగులుతుంది. 3.2 పెడితే మొదట చాలా నిక్కచ్చిగా అనిపిస్తుంది, కానీ వెలుగు కొంచెం తగ్గగానే నలుపు, రింగు అంచు కలిసిపోతాయి. కొత్తవాళ్లు చిన్న రింగు కోసం తొందరపడకూడదు.

ఏప్రిల్, మే: గాలి, ఎండ

మ్యాచ్ రైఫిల్ సిలిండర్‌లో 200 బార్ దాకా గాలి నింపుతారు. 25 డిగ్రీల చల్లని గదిలో 200 బార్ నింపి, రేకుల కింద 45 డిగ్రీల్లో పెడితే లోపలి ఒత్తిడి 213 దాటుతుంది. రేకుల షెడ్డులో ఏప్రిల్ మధ్యాహ్నం అది మామూలు వేడి. కాబట్టి ఎండాకాలం 180 దగ్గర ఆపాలి, సిలిండర్‌ను కారులోనో షెడ్డులోనో వదిలేయకూడదు. సిలిండర్ మీద తయారీ తేదీ కొట్టి ఉంటుంది. మ్యాచ్ సిలిండర్లకు తయారీదారులు సాధారణంగా పదేళ్ల గడువు ఇస్తారు, పోటీలో గడువు చూసుకోవాల్సిన బాధ్యత షూటర్‌దే. పాత రైఫిల్ కొనేటప్పుడు బ్యారెల్ కంటే ముందు ఈ తేదీ చదవాలి.

నింపేది పొడి గాలి మాత్రమే. ఆక్సిజన్ సిలిండర్ నుంచి ఎట్టి పరిస్థితుల్లోనూ నింపకూడదు. అధిక ఒత్తిడి ఆక్సిజన్, కాస్త గ్రీజు కలిస్తే పేలుడే. మామూలు గాలికి కూడా ఓ రింగులకు పెట్రోలియం నూనె రాయకూడదు, సిలికాన్ గ్రీజు పల్చగా రాస్తే చాలు. స్కూబా సిలిండర్ నుంచి నింపితే వాల్వు నెమ్మదిగా తిప్పాలి. ఒక్కసారిగా తెరిస్తే గాలి నలిగి వేడెక్కి, గేజి 200 చూపిస్తుంది, చల్లారాక 180కి పడిపోతుంది. చేతిపంపు వాడితే ప్రతి యాభై అరవై తోపులకు ఆపి చల్లార్చి, బ్లీడ్ స్క్రూ తిప్పి తేమ బయటికి వదలాలి. కోస్తా జిల్లాల్లో తేమ ఎక్కువ కాబట్టి ఇది మానకూడదు. లోపల చేరిన నీరు రెగ్యులేటర్‌ను (ప్రతి షాట్‌కూ ఒకే ఒత్తిడి అందించే భాగాన్ని) పాడుచేస్తుంది.

రెగ్యులేటర్ ఆరోగ్యం క్రోనోగ్రాఫ్ (పెల్లెట్ వేగం కొలిచే పరికరం) చెబుతుంది. దీన్ని చాలామంది విలాసం అనుకుంటారు, నిజానికి ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే ఎక్కువ నిజం చెప్పిన పరికరం ఇదే. 10 మీటర్ల ప్రయాణంలో సెకనుకు 170 మీటర్ల పెల్లెట్ సుమారు 17 మి.మీ. కిందికి జారుతుంది. 165 అయితే 18. అంటే వేగంలో 5 మీటర్ల తేడాకు కార్డు మీద 1 మి.మీ. రైఫిల్ టార్గెట్‌లో ప్రతి 0.25 మి.మీ.కు స్కోరులో దశాంశం ఒకటి (0.1) మారుతుంది, కాబట్టి 1 మి.మీ. అంటే 0.4 పాయింటు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాద్ వాసి గగన్ నారంగ్ 701.1తో కాంస్యం గెలిచాడు, రజతం వచ్చిన ఇటలీ షూటర్ నికోలో కంప్రియానిది 701.5. తేడా ఆ 0.4 పాయింటే. అందుకే నేల, వెలుగు, గాలి, పెల్లెట్ ఒక్కొక్కటి ఎన్ని మిల్లీమీటర్లు తింటున్నాయో తేల్చకుండా షూటర్‌ను తప్పు పట్టడం అన్యాయం.

రైఫిల్ బయటికి తీశాక కనీసం అరగంట లేన్‌లోనే ఉంచాలి. మొదటి అయిదారు షాట్ల వేగం తక్కువగా, తర్వాతవి నిలకడగా వస్తే రెగ్యులేటర్ కొంచెం మొద్దుబారిందని అర్థం, సైటర్లలో (లెక్కలోకి రాని ముందస్తు షాట్లలో) వాటిని వదిలేస్తే సరి. వేగం ప్రతి షాట్‌కూ మెల్లగా పెరుగుతూ పోతే రెగ్యులేటర్ లీకు, సర్వీసుకు ఇవ్వాల్సిందే. గేజి ఎర్ర గీత కిందికి వెళ్లాక వేగం పడిపోవడం సహజం. అక్కడిదాకా ఎప్పుడూ రానివ్వకూడదు.

జూన్: పెల్లెట్ల పరీక్ష

ఇక్కడే ఎక్కువ సమయం పెట్టడం సమంజసం. 4.5 మి.మీ. మ్యాచ్ పెల్లెట్లు 4.49, 4.50, 4.51 అని తల కొలతలతో వస్తాయి. ఏ బ్యారెల్‌కు ఏది నప్పుతుందో డబ్బా మీద ధర చెప్పదు, పరీక్షే చెప్పాలి. ఒకే కంపెనీ, ఒకే తల కొలత అయినా లాట్ (ఒకే విడతలో తయారైన డబ్బాల) నంబరు మారితే ఫలితం మారుతుంది.

రైఫిల్‌ను బెంచ్ వైస్‌లో స్టాక్ (రైఫిల్ ఒడిసిపట్టే చట్రం) కింది పట్టాను పట్టి బిగించాలి. బ్యారెల్‌ను గానీ సిలిండర్‌ను గానీ పట్టకూడదు. బెంచీ కాళ్లు ప్లాట్‌ఫారం మీద కాక సిమెంటు నేల మీదే ఉండాలి. బ్యారెల్‌లో ఫెల్ట్ ముక్కలు ఒకసారి లాగి, అదే లాట్ పెల్లెట్లు అయిదారు ఊరికే కాల్చాక అసలు పరీక్ష. ఒక్కో లాట్‌కు పది షాట్ల గ్రూపులు మూడు. అయిదు షాట్ల గ్రూపు అదృష్టం కొద్దీ చిన్నదిగా వస్తుంది, దాన్ని నమ్మి డబ్బాలు కొంటే డబ్బు పోతుంది.

కొలత ఇలా. రైఫిల్ కార్డులో పది బిందువు 0.5 మి.మీ. మాత్రమే. 4.5 మి.మీ. పెల్లెట్ దాన్ని అంటుకుంటే చాలు పది, అంటే పెల్లెట్ మధ్యభాగం కార్డు మధ్య నుంచి 2.5 మి.మీ. లోపల ఉండాలి. మధ్యలన్నీ 5 మి.మీ. వృత్తంలో ఉంటే రంధ్రాల బయటి అంచుల మధ్య దూరం 9.5 మి.మీ. డిజిటల్ వెర్నియర్‌తో కొలిస్తే అది 9.5 దాటిన లాట్ ఎంత మంచి షూటర్‌కైనా తొమ్మిదులు తెచ్చిపెడుతుంది. 8 లోపు వచ్చేది దాచుకోవాలి. పిస్టల్ కార్డులో పది వలయం 11.5 మి.మీ. కాబట్టి అక్కడ హద్దు 20.5 మి.మీ. దాకా ఉంటుంది. పిస్టల్ షూటర్లు పెల్లెట్ పరీక్ష కంటే ట్రిగ్గర్ మీద పెట్టే సమయం లాభం.

గ్రూపు ఆకారం పరిమాణం కంటే ఎక్కువ చెబుతుంది. నిలువుగా సాగితే వేగం మారుతోంది, గాలి పరీక్షకు వెనక్కి వెళ్లాలి. అడ్డంగా సాగితే వైస్ గానీ బెంచీ గానీ కదులుతోంది. రెండు వేర్వేరు గుంపులుగా పడితే స్టాక్‌ను యాక్షన్‌కు (పెల్లెట్ పెట్టి పేల్చే యంత్రభాగానికి) పట్టిన స్క్రూలు చూడాలి, టార్క్ తయారీదారు చెప్పిన దానికి బిగించాలి. తొమ్మిది ఒకచోట, ఒకటి దూరంగా పడితే దాదాపు ఎప్పుడూ ఆ పెల్లెట్ స్కర్ట్ (వెనక వైపు పల్చటి అంచు) నలిగి ఉంటుంది. డబ్బాను వెలుగులో పెట్టి ఒక్కోటి తిప్పి చూస్తే నలిగినవి దొరుకుతాయి. తక్కెడలో తూచి వేరుచేయడం వల్ల స్కర్ట్ చూసినంత లాభం రాలేదు.

నప్పిన లాట్ దొరికాక అదే నంబరు డబ్బాలు ఒక సీజన్‌కు సరిపడా తీసుకోవాలి. పోటీ 60 షాట్లు, సైటర్లతో కలిపి ఎనభై దాకా అవుతాయి.

డయాప్టర్ క్లిక్ విలువ పుస్తకంలో చదివి నమ్మకూడదు. మధ్యకు జీరో చేసి అయిదు షాట్లు, పది క్లిక్కులు ఎడమకు తిప్పి ఇంకో అయిదు. గ్రూపుల మధ్యల దూరాన్ని పదితో భాగిస్తే ఆ సైటు అసలు విలువ. అదే పది క్లిక్కులు వెనక్కి తిప్పినప్పుడు మొదటి చోటికే రావాలి, రాకపోతే సైటులో ఆట ఉంది.

జులై: వాన, పిస్టల్ ట్రిగ్గర్

తేమకు కార్డులు మెత్తబడి రంధ్రం అంచులు చిరుగుతున్నాయి, వెర్నియర్ కొలతకు పనికిరావు. కార్డుల కట్టను సిలికా జెల్ సంచీతో గట్టి డబ్బాలో ఉంచాలి, కాల్చేముందే తీయాలి. వానాకాలంలో పెల్లెట్ పరీక్ష ఫలితాలు ఒక పట్టాన నమ్మలేం. షెడ్డులో స్టాండు ఫ్యాన్ వీపు వెనక నుంచి మాత్రమే, అదీ తక్కువ వేగంలో. పక్క నుంచి పెడితే కార్డు చానల్‌లో ఆడుతుంది.

ఇదే లేన్‌లో పిస్టల్ వాడేవాళ్లకు ఒక చిన్న పరికరం చేశాం. ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ కనీసం 500 గ్రాములు ఉండాలి. పోటీ ముందు గొట్టం నిలువుగా పెట్టి, గాలి నిండుగా ఉండగా, బరువును ట్రిగ్గర్‌కు తగిలించి లేపుతారు. మూడు ప్రయత్నాల్లో పేలకుండా లేవాలి. కిరాణా తూనిక రాయికి కొక్కెం తీగ కట్టి, మొత్తం 500 గ్రాములు వచ్చేదాకా బంగారం తూచే డిజిటల్ కాటాలో సరిచూస్తే ఇంట్లోనే పరీక్ష అయిపోతుంది. సరిగ్గా 500 దగ్గర ఆపకూడదు, స్ప్రింగు కూర్చుని తగ్గుతుంది. 510–520 దగ్గర పెట్టి వారానికోసారి చూసుకోవాలి. రైఫిల్ ట్రిగ్గర్‌కు కనీస బరువు నియమం లేదు. అలాగని మరీ తేలిక చేస్తే వేలు తగలగానే పేలుతుంది, కొత్తవాళ్లకు అది ప్రమాదం.

ఆగస్టు: ట్రాలీ, మిగిలిన పని

ప్రతి షాట్‌కూ 20 మీటర్లు నడిచి కార్డు మార్చడం పొజిషన్‌ను పాడుచేస్తుంది, రైఫిల్ పట్టుకున్న మనిషి లేన్ దాటడం భద్రతకూ మంచిది కాదు. అందుకే కార్డును తాడుతో అటూ ఇటూ లాగే ట్రాలీ, దానికి కారు వైపర్ మోటారు. 12 వోల్టుల మోటారు తక్కువ వేగంలో నిమిషానికి 45 చుట్లు తిరుగుతుందనుకుంటే, 15 సెం.మీ. కప్పీతో కార్డు సెకనుకు 35 సెం.మీ. కదులుతుంది, ఒక వైపు ప్రయాణానికి అర నిమిషం కొద్దిగా లోపు. 60 షాట్ల పోటీకి ఎలక్ట్రానిక్ టార్గెట్ల మీద 75 నిమిషాలే, దానికి ముందు సిద్ధం కావడానికీ సైటర్లకూ 15 నిమిషాలు. ఒక్కో కార్డుకు నిమిషం చొప్పున ట్రాలీకే గంట పోతుంది. కప్పీని 30 సెం.మీ. చేస్తే సగం తగ్గుతుంది, కానీ ఆగేటప్పుడు కార్డు ఎక్కువ ఊగుతుంది. ప్రస్తుతం చివర రెండు అయస్కాంతాలు పెట్టి ట్రాలీని పట్టి ఆపే పద్ధతి ప్రయత్నిస్తున్నాం.

నైలాన్ తాడు వానకు సాగి వదులవుతోంది, స్టీల్ కోర్ ఉన్న తాడు వేయాలి. మైక్రో స్విచ్‌లు రెండు చివర్లలో బిగించాలి. అవి లేకుండా మోటారు పనిచేయించకూడదు, ట్రాలీ ట్రాప్‌ను గుద్దితే కార్డు ఎత్తు మళ్లీ 1.55కి సరిచేయాల్సి వస్తుంది. తలుపు బయట ఎర్రబల్బు వైరింగ్ మోటారు సప్లైతోనే కలుపుతున్నాం, ట్రాలీకి కరెంటు ఉన్నంతసేపూ బల్బు వెలిగేలా. ఛాంబర్‌లో సేఫ్టీ ఫ్లాగ్ (లోపల పెల్లెట్ లేదని చూపే రంగు తీగ) పెట్టాకే ఆ స్విచ్ ఆపాలని బోర్డు రాసి పెట్టాం. వాన తగ్గాక 4.50 తలలో రెండు లాట్లకు మళ్లీ మూడేసి గ్రూపులు, పొడి కార్డుల మీద.